మృగవిశేషము: మన కావ్యములలోని వేటఘట్టములను గూర్చి

శకంధ్వాదిగణమును చదివిన విద్యార్థికి సారంగశబ్దము చిరపరిచితము. సార, అంగ శబ్దములు కలసినపుడు సవర్ణదీర్ఘము వచ్చి 'సారాంగ' మని యుండవలసినది. పశువు గాని పక్షి గాని యర్థమగునపుడు మాత్రము పరరూపము వచ్చి 'సారంగ' మగునని వైయాకరణుల నియమము. అర్థము మఱియొకటి యైనచో దీర్ఘమే నిలుచును. ఒక్క యచ్చుయొక్క హ్రస్వత్వమే యా పదమునకు అడవిలో ప్రవేశము కల్పించుచున్నది. అమరసింహుడు నానార్థవర్గమున దీనికి చాతకము, లేడి, చిత్రవర్ణము అను నర్థముల నిచ్చెను. ముప్పది సంవత్సరములుగ నేనీ గణమును పాఠము చెప్పుచున్నాను. చెప్పినప్పుడెల్ల, రూపసిద్ధి యైనది గదా, నా పని తీఱినదని తలచుచుంటిని.

రెండేండ్ల క్రిందట సారంగాపూరు ప్రాంతమునుండి వచ్చిన యొక బాలుడు, నాయకపోడు కుటుంబమువాడు, పాఠము ముగిసిన పిదప లేచి నిలుచుండి, "మా ఊరి పేరుల ఉన్న సారంగం ఏ జంతువు సార్?" అని యడిగెను. ఈ సారంగాపూరు నిర్మల జిల్లాలోనిది కాదు. జగిత్యాలకును గోదావరికిని నడుమనున్నది. గ్రామనామము మృగమువలననే వచ్చెనని నేను వాదింపబోను. 'పూర్' అను నుత్తరపదము గల గ్రామములకు మనుష్యనామములే తఱుచుగ పూర్వపదములగుట మనమెఱుగుదుము. అయినను బాలుడడిగినది గ్రామనామచరిత్ర కాదు, శబ్దార్థము. నేను తడుముకొనలేదు. "మృగవిశేషము" అని చెప్పితిని. వాడు వినయముతో దానిని పుస్తకమున వ్రాసికొనెను. మఱునాడు మరల వచ్చి, "మృగవిశేషమంటే ఏ మృగం సార్?" అనెను.

దానికి నాయొద్ద నుత్తరము లేకపోయెను. ఈ వ్యాసమునకు కారణమదియే.

మన టీకలలోను నిఘంటువులలోను 'మృగవిశేషము', 'పక్షివిశేషము', 'మత్స్యవిశేషము' అను మూడు సమాసములు చేసిన యపకారము ఇంతింత యనరానిది. విశేషమనగా ఇతరములనుండి వేఱుపఱచునది. ఆ వేఱుపఱచు ధర్మమేదో చెప్పక, విశేషమని మాత్రము చెప్పి యూరకుండుట చూచినచో నైయాయికుడు నవ్వును. రురువు మృగవిశేషము, న్యంకువు మృగవిశేషము, రంకువు, ఋశ్యము, గోకర్ణము అన్నియు మృగవిశేషములే. కృష్ణసారము ఇఱ్ఱియనియు, పృషతము చుక్కలదుప్పియనియు, శంబరము కణుజనియు చెప్పగల పండితులు కొందఱు లేకపోలేదు. కాని పాఠశాలలో మనము చేయుచున్నదేమి? కవి యొక పద్యమున నాలుగు మృగములను నాలుగు గతులలో పరుగెత్తించినచో, ఆ నాలుగింటికిని ఒకే యర్థము చెప్పి, ఛందోభంగము కాకుండుటకై కవి పర్యాయపదములు వాడెనని శిష్యులను నమ్మించుచున్నాము.

ఈ దోషము నిఘంటువుతో నాగదు. మృగమేదో యెఱుగనివాడు వేటఘట్టమును చదివినపుడు వానికి అందు శబ్దాడంబరమే మిగులును. వేటవర్ణన యనగా అష్టాదశవర్ణనలలో నొకటి, కవి తన పదసంపదను ప్రదర్శించుకొను తావు, పరీక్షలో నడుగరు గనుక విడిచిపెట్టవచ్చును అని మన వారభిప్రాయపడుచున్నారు. ఇందలి మొదటిమాటయే సరికాదు. దండి చెప్పిన పదునెనిమిదింటిలో మృగయ లేదు. నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రసూర్యోదయములు, జలక్రీడ, మధుపానము మున్నగువానిని లెక్కించిన యాతడు వేటను లెక్కింపలేదు. ఓరుగల్లున ప్రతాపరుద్రుని యాస్థానమున నుండిన విద్యానాథుడును ఆ పట్టికనే యంగీకరించెను. పదునాలుగవ శతాబ్దమున విశ్వనాథుడు సాహిత్యదర్పణమున మృగయను చేర్చెను. కావున నన్నయ మొదలగువారి కావ్యములలోనికి వేట ఆలంకారికుల యాజ్ఞవలన వచ్చినది కాదు. కథకు కావలసి వచ్చినది. ఎందులకు కావలసివచ్చెనని విచారించినచో, నాకు తోచిన సమాధానమిది: మన మహాకవులు రచించిన వేటలలో ముఖ్యమైనవి చంపుటను గూర్చినవి కావు, చంపరాని దేదో, చంపరాని తఱి యేదో, చంపరాని చోటేదో, దానిని గూర్చినవి. హద్దు కనబడిన క్షణమున, అది మీఱబడిన క్షణమున కథ మలుపు తిరుగును. వేట యా హద్దును చూపుటకే వచ్చును.

ఆదిపర్వమున పాండురాజు కథను చూడుడు. రాజు వేటాడి క్రీడించుచున్న మృగమిథునమును కొట్టెను. మృగరూపముననున్న కిందముడు శపించెను. ఈ కథను మనము శాపమునకై చదువుచున్నాము. పాండవుల జన్మకథకు ఉపోద్ఘాతముగ చదువుచున్నాము. నడుమనున్న వాదమును దాటిపోవుచున్నాము. రాజు, మృగములను కొట్టుట క్షత్రియులకు శత్రువులను కొట్టుటవంటిదని తన్ను సమర్థించుకొనును. ముని యా ధర్మమును కాదనడు. మృగమును చంపితివని నిన్ను నిందింపను, ఆ సమయమున చంపితివని నిందించుచున్నాను అని మునియొక్క వాదము. ఇక్కడ నన్నయభట్టారకుడు మునిచేత పలికించిన మాట మిక్కిలి సూక్ష్మమైనది. పరుగెత్తలేని స్థితిలోనున్నను, ఈనుచున్నను, జతకూడియున్నను, తెవులు గొన్నను అట్టి మృగములను ఆకొన్న యెఱుకులు సైతము కొట్టరని యాతడు చెప్పించెను. రాజునకు ధర్మశాస్త్రము చూపలేదు; ఎఱుకులను చూపెను. ఆకలిగొన్న యడవివాడు పాటించు నియమమును వినోదమునకై వచ్చిన రాజు పాటింపలేదని యందలి యెత్తిపొడుపు.

ఇప్పటి పరిభాషలో దీనిని 'వేట నిషేధకాల' మందురు. ఆంధ్రతీరమున ప్రతి సంవత్సరము ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, అనగా 61 దినములు, యంత్రపు పడవలతో సముద్రమున చేపలు పట్టరాదను నియమము కలదు. 2015కు పూర్వమది 47 దినములే. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని దానికి కారణము చెప్పుచున్నారు. కిందముని వాదమునకు దీనికంటె మంచి వ్యాఖ్యానము నాకు కనబడలేదు. ఇది యాధునికుల కల్పన యనువారు అశోకుని యైదవ స్తంభశాసనమును చూతురుగాక. చూడివియు పాలిచ్చునవియు నగు మేకలను, గొఱ్ఱెలను, పందులను చంపరాదనియు, ఆఱునెలలు నిండని వాని పిల్లలను చంపరాదనియు, చాతుర్మాస్యపు పున్నములందును మఱికొన్ని నియతదినములందును చేపలను చంపరాదు, అమ్మరాదనియు అందున్నది. కర్నూలుజిల్లా ఎఱ్ఱగుడి శిలమీదనున్న మొదటి శాసనమున ఆ చక్రవర్తి తన వంటశాలనుగూర్చియే దాపరికము లేక చెప్పుకొనెను: రెండు నెమళ్లును ఒక మృగమును మాత్రమే యిప్పుడు చంపబడుచున్నవి, ఆ మృగమైనను నిత్యము కాదు, ముందు ముందు ఇవియు చంపబడవు అని. ఆ నిజాయితీ కావ్యమున దొరకుట యరుదు.

ఇచ్చట నొక విడ్డూరమును చెప్పక యుండలేను. నన్నయ భారతము రచించిన రాజమహేంద్రవరమున, ఆ గోదావరియందే, శ్రావణ భాద్రపదములలో పులసచేపకు జనులు వేలకు వేలు వెచ్చింతురు. అది సముద్రమునుండి వఱదనీటి కెదురీది వచ్చుట గ్రుడ్లుపెట్టుటకే. దానికి రుచియు వెలయు నా ప్రయాణము వలననే వచ్చినవి. సముద్రమున నిషేధము ముగిసిన తరువాతనే యది నదిలో ప్రవేశించును. ఎఱుకులు చేయరని నన్నయ చెప్పించిన పనిని నన్నయ పట్టణముననే పండువుగ చేయుచున్నాము. పులసతో పద్యములు చెప్పి సత్కారములు పొందిన కవులును కలరు, వారిని నేనేమనగలను?

రఘువంశము తొమ్మిదవ సర్గమున దశరథుని వేట యింతకంటె ప్రసిద్ధము. పంచకావ్యములు చదివినవారందఱు ఎఱుగుదురు గనుక సంగ్రహముగ చెప్పెదను. ఒక మగలేడిపై బాణమెక్కుపెట్టగా దాని జతలేడి యడ్డముగ వచ్చి నిలుచును. రాజు మనసు కరగి విల్లు దించును. ఇంతవఱకు అందఱు మెచ్చుకొందురు. కాని కాళిదాసు అక్కడ నాగలేదు. ఆ రాజే తమసాతీరమున కడవలో నీరు నిండు చప్పుడు విని యేనుగనుకొని శబ్దవేధిని వేయును, మునికుమారుడు పడును. ఏనుగును కొట్టుట రాజునకు నిషిద్ధమనియు, దానిని దశరథుడు మీఱెననియు కవి యక్కడ స్పష్టముగ చెప్పెను. మల్లినాథుని వ్యాఖ్య చేతనుంచుకొని యీ ఘట్టమును పాఠము చెప్పు మనము మునికుమారుని మరణమునకు కంట తడిపెట్టుదుము గాని, నిషిద్ధమృగమను మాటను శ్రద్ధతో చదువము. కౌటిల్యుడు ఏనుగును చంపినవానికి మరణదండనము విధించెను. కవి మనసులోనున్నది అట్టి శాసనమే. దశరథుని తప్పు రెండు విధములైనది: చంపరానిదానిని చంపనెంచుట, చూడక కొట్టుట.

ఈ రెండవది నన్ను మఱింత కలవరపెట్టినది. నన్నయ చెప్పించిన నియమము నిలువవలెనన్నచో వేటగాడు మృగమును కన్నులతో చూడవలెను. చూడిదో కాదో, జతకూడినదో కాదో చూచిననే గదా తెలియును. నేడు మన పల్లెలలో అడవిపందుల కొఱకని పొలము గట్లవెంట విద్యుత్తీగలు పఱచుచున్నారు. రాత్రి యా తీగకు తగిలినది పందియో, దుప్పియో, పులియో, తోటి రైతో దానికి తెలియదు. వాగులలో మందు కలిపి చేపలను తేల్చుటయు, తోటాలు ప్రేల్చుటయు నిట్టివే. 1897 నాటి మత్స్యశాసనము ఈ రెండింటిని అప్పుడే నిషేధించినది. శబ్దవేధికి శబ్దమైనను ఆధారముగ నుండెను. వీనికి అదియు లేదు. దశరథునికంటె హీనమైన వేటకు మనము వచ్చియున్నాము. పైగా దానిని వేటయనియు ననము.

శాకుంతలమున తొలి యంకమున వైఖానసుడు రాజును వారించుట లోకవిదితము. కాని భారతమున దుష్యంతుడు విచ్చలవిడిగ వేటాడి యాశ్రమమునకు వచ్చును. అట్లు వారించుట కాళిదాసు కల్పనమని చాలమంది గమనింపరు. ఆశ్రమమృగమను మాటయే ఒక యెల్లను గీయుచున్నది. ఎల్లకు బయటి మృగమును గూర్చి వైఖానసుడు మాటాడలేదు. గోదావరికి ఆవలి గట్టున, జన్నారము చుట్టునున్న కవ్వాల యడవి 1965లో అభయారణ్యముగను, 2012లో పులుల రక్షితారణ్యముగను ప్రకటింపబడినది. అభయవనమను మాట కౌటిల్యునిదే. ఆ వనములోని మృగపక్షిమత్స్యములను హింసించినవారికి దండనములు సూనాధ్యక్షప్రకరణమున నున్నవి.

అయితే శాకుంతలమున నాఱవ యంకమును తోడుగ చదువకున్న కాళిదాసు హృదయము సగమే తెలియును. రోహితమత్స్యము కడుపున నుంగరము దొరకిన జాలరిని రక్షకభటులు పట్టుకొని, వాని వృత్తిని పరిహసింతురు. వాడు తలవంచడు. నిందితమైనను కులవృత్తి విడువరానిదనియు, యజ్ఞమున పశువును చంపు శ్రోత్రియుడును దయామృదువే యనియు వాడు చెప్పు సమాధానము, ఆ నాటకమున నేను చదివిన మాటలలో మిక్కిలి ధైర్యముగలది. తొలియంకమున రాజును ఆపిన కవి, ఆఱవ యంకమున జాలరిని ఆపలేదు, బహుమానమిప్పించి పంపెను. మనువు మృగయను కామజవ్యసనములలో మొదట లెక్కించినది రాజులకు చెప్పు ప్రకరణముననే. వినోదమునకు వ్యసనమని పేరు, బ్రదుకుతెఱువునకు కాదు. ధూర్జటి తిన్నని వేటను వర్ణించినప్పుడు నిందాగంధమే లేకపోవుటకు కారణమిదియే యని నా యభిప్రాయము.

మన నేటి శాసనములు ఈ భేదమును పాటింపవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మృగములను పట్టికలుగ విభజించి రక్షించినది. మొదట కొన్నిటికి అనుమతిపత్రముతో వేట సాగుచుండెను. 1991 సవరణముతో నదియు పోయినది. 2022 సవరణమున ఆఱు పట్టికలు నాలుగైనవి. 2023 ఏప్రిలు 1 నుండి యది యమలులోనికి వచ్చినది. కృష్ణసారమును, కొండగొఱ్ఱెయు మొదటి పట్టికలోనివి. పైరులను పాడుచేయు కొన్ని మృగములను వ్రాతపూర్వకమైన యనుమతితో కొట్టుటకు మాత్రము సందు కలదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవిబిడ్డలకు భూమిమీదను, ఫలాదులమీదను హక్కుల నంగీకరించి, పరంపరాగతమైన వేటహక్కును మాత్రము పేరుపెట్టి మినహాయించినది. మృగములు మిగిలిన సంఖ్యను చూచినచో ఈ కాఠిన్యము అవసరమేయని నేనొప్పుకొందును. కాని చేసిన తప్పు వేఱొకరిది. కావ్యములలో నిందింపబడినవారు రాజులు. వారి శికారులు పోయినవి, కథలు మిగిలినవి. హద్దు మాత్రము ఎఱుకునిమీద వచ్చి నిలిచినది.

ఈ విషయము పుస్తకములలో తేలదని, ఒక యాదివారము ఆ బాలుని వెంట వాని తాతను చూచుటకు వెళ్ళితిని. ఎనుబదియేండ్లు దాటిన వృద్ధుడు. అమరకోశములోని నామములను పట్టికగ వ్రాసికొని వెళ్ళితిని గాని యది పనికిరాలేదు. లక్షణములు చెప్పి యడిగినచో పేర్లు తానే చెప్పెను: కణుజు, మనుబోతు, కొండగొఱ్ఱె. "కొండగొర్రెకు నాలుగు కొమ్ములుంటయి పంతులూ. ముందటియి రెండు చిన్నయి. నీళ్లు ఇడిసి దూరం పోదు. పెంట ఒక్క తావునే ఏస్తది, గదే దాని గుర్తు" అనెను. మృగవిశేషమనగా ఇది. విశేషములన్నియు నొక్క నిమిషమున చెప్పివేసెను. జంతుశాస్త్రజ్ఞుల గ్రంథములలో చూచితిని. ప్రతి మాటయు సరియైనది.

ఉత్సాహముతో నేను నన్నయ చెప్పించిన నియమమును వానికి చెప్పి, "తాతా, మీరు ఈనెడి మృగములను కొట్టకుండెడివారా?" అని యడిగితిని. "కొట్టద్దని మా పెద్దలు చెప్పిండ్రు" అని కొంతసేపు ఊరకుండి, "కొట్టలేదని అనను. పిల్లలు ఆకలికి ఏడ్సినప్పుడు ఏది దొరికితే అది కొట్టినం. ఆకలికి నేమం ఏడిది పంతులూ?" అనెను.

ఆ రాత్రి ఆదిపర్వమును మరల తీసి చూచితిని. ఇన్నాళ్లు నేను మునిమాటను ఎఱుకుల యాచారమునకు ప్రమాణముగ చదువుచుంటిని. అది ప్రమాణము కాదు, వాదము. రాజును సిగ్గుపఱచుటకై ముని యెఱుకులను వారుండవలసిన దానికంటె ఉన్నతులుగ చూపెను. ఆకలి లేని రాజు నియమము తప్పెను; ఆకలిగలవాడు నియమమును ఎఱిగియుండెను, ఒకప్పుడు తప్పెను, తప్పితినని యొప్పుకొనెను. పద్యము యొక్క బలము దీనివలన తగ్గలేదు. పాండురాజు నోట రాని యొప్పుకోలు ఈ వృద్ధుని నోట వచ్చినది.

కవులును నిర్దోషులని చెప్పను. తెలుగుదేశపు కొండలలో సింహములను శరభములను దిరుగనిచ్చిన ప్రబంధకవులు కలరు. వారు తమ యూరి యడవిని చూడక పూర్వకవుల గ్రంథములలో వేటాడిరి. అట్టివారి వర్ణనలకు 'మృగవిశేషము' అను టీకయే తగును. చూచి వ్రాసినవారు వేఱు. కల్యాణి చాళుక్యచక్రవర్తి మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1129 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున మృగయావినోదమును మత్స్యవినోదమును చదివినచో, చేపకు తగిన యెఱ యేదో, ఏ లేడిని ఏ యుపాయమున వంచింపవలెనో తానే చేతులార చేసినవాని వలె చెప్పును. మన జగిత్యాల చెంతనున్న పొలాస, నాటి పొలవాస, ఆ చాళుక్యుల సామంతుల రాజధాని. కావున ఆ గ్రంథమును పరదేశపుదిగ చూడ బనిలేదు. శిక్షితమైన చిత్రకముతో, అనగా చీతాతో, లేళ్లను పట్టించుట అందు వర్ణింపబడినది. కన్నడమునను తెలుగునను సివంగి యన్నది దానినే. దానిని కట్టిపెంచిన రాజులు దానిచే జింకలను చంపించిరి. పిదప దానినే చంపిరి. 1947లో కొరియా సంస్థానాధిపతి యొక రాత్రి మూడింటిని కొట్టెను. 1952లో భారతభూమిని చీతా లేదని ప్రకటించిరి. 2022 సెప్టెంబరు 17న ఆఫ్రికాలోని నమీబియానుండి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశమందలి కూనో యడవిలో విడిచిరి. నడుమనున్న డెబ్బదియేండ్లలో మన పదమునకేమి గతి పట్టినది? జంతువు పోగా సివంగి 'శివంగి' యై, ఆడుసింహమై, చివఱకు గయ్యాళితనముగల స్త్రీకి విశేషణమైనది. అర్థవిపరిణామమునకు భాషాశాస్త్రజ్ఞులు చెప్పు కారణములలో జంతునాశమును చేర్చిరో లేదో, చేర్చవలయును.

దీనికి విరుద్ధమైన యుదాహరణము కడపసీమలో నున్నది. 1848లో శాస్త్రజ్ఞులు తొలుత వర్ణించిన యొక పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడక, నశించినదని యెంచబడెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు దాని చిత్రమును పల్లెలలో చూపి విచారింపగా 1986 జనవరిలో రెడ్డిపల్లె ప్రాంతపు వేటగాడొకడు రాత్రి దీపపు వెలుగున దానిని పట్టి తెచ్చెను. ఎనుబదియాఱేండ్లు శాస్త్రమునకు లేని పక్షి ఆ సీమవారికి ఎల్లప్పుడును ఉన్నది. కలివిపొదలలో తిరుగునది గనుక కలివికోడి యని దానికి పేరును ఉన్నది. పట్టువడిన యా పక్షి కొలది దినములకే చనిపోవుట మాత్రము విచారకరము. బట్టమేకపిట్టకు ఆపాటి యదృష్టమైనను లేదు. దానికై 1988లో కర్నూలుసీమలో రోళ్లపాడు అభయారణ్యము నేర్పఱచిరి. అభయారణ్యమున్నది, పిట్ట కనబడుట లేదు.

మనుచరిత్రమును గూర్చి చెప్పి విరమించెదను. ప్రతాపరుద్రుని సేనాని గన్నయకు మారన యంకితమిచ్చిన మార్కండేయపురాణమునుండి పెద్దన యీ కథను గ్రహించెను. వరూధినీ ప్రవరుల ఘట్టమును పాఠశాలలో వల్లింపించి, తరువాతి యాశ్వాసములను మనము తెఱువము. కాని గ్రంథమునకు పేరు ప్రవరునివలన రాలేదు, మనువువలన వచ్చినది. ఆ మనువు పుట్టుటకు కారణమేమి? స్వరోచి వేటకు వెళ్లి వరాహముపై బాణమెక్కుపెట్టియుండగా ఒక లేడి యడ్డువచ్చి, దానిని విడిచి నన్ను కొట్టుమనును. ఆతడు కొట్టడు, ఎందుకని యడుగును. ఆ ప్రశ్నతో వేట ముగియును. లేడి వనదేవతయై నిలుచును, ఆమెయందు స్వారోచిషమనువు జన్మించును. బాణము విడువబడియున్నచో మనువును లేడు, మన్వంతరమును లేదు, కావ్యమును లేదు. శృంగారప్రబంధమని పేరుపడిన యీ గ్రంథమునకు మూలస్తంభము ఎక్కుపెట్టి దింపిన యొక విల్లు. ఇంత స్పష్టమైన దానిని నేను ముప్పదియేండ్లు విద్యార్థులకు చెప్పలేదు. నాకు చెప్పిన గురువులును చెప్పలేదు. లేడి యనగా వారికిని మృగవిశేషమే.

మన పరిషత్తువారు ప్రాచీనకావ్యములకు క్రొత్త టీకలు సిద్ధపఱచుచున్నారని విన్నాను. ఒక ప్రార్థన. వేటఘట్టములకు టీక వ్రాయువారు, వ్రాయుటకు ముందు అడవిదరి యూళ్లలోని వృద్ధులను, గంగపుత్రులను, నాయకపోడు గోండు జనులను కలసికొని, మృగపక్షిమత్స్యముల దేశ్యనామములను, గుఱుతులను సేకరింపవలయును. తెలంగాణమునకు రాష్ట్రమృగము జింకయని 2014లో నిర్ణయించిరి, రాష్ట్రపక్షి పాలపిట్ట. ఈ రెండింటికైనను మన నిఘంటువులలో 'విశేషము' తీసి లక్షణము వ్రాసినచో నారంభమునకు చాలును. నేను చూచిన వృద్ధునివంటివారు ప్రతి యూరను ఒకరిద్దఱికంటె మిగిలియుండరు. వారు పట్టిన విల్లును శాసనము మాన్పినది. వారి నోటిమాటను వ్రాసికొనుటకు ఏ శాసనమును అడ్డురాదు.

బాలుని పుస్తకమున నేను చెప్పగా వ్రాసిన 'మృగవిశేషము' అను పదమును కొట్టివేయించితిని. దాని ప్రక్కన వాడు తన తాత చెప్పిన దానిని తన యక్షరములతో వ్రాసికొనెను: సారంగమనగా చుక్కలుగాని చారలుగాని కలిగిన లేడి; మా యడవిలో చుక్కల దుప్పి యున్నది, ఇఱ్ఱిని తాత చూచెను, నేను చూడలేదు. వ్యాకరణదృష్టితో ఇందు దిద్దవలసినది నాకేమియు కనబడలేదు.